చెరువుగట్టు షెడ్డులో ఛార్జింగ్ బల్ల: పని డైరీ

చోటు: కొత్తపట్నం మండలంలో, సముద్రానికి దగ్గరగా, వనామీ రొయ్యల చెరువుల షెడ్డు. గోడకు పదకొండు అడాప్టర్లు వేలాడుతున్నాయి. ఏది దేనిదో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి ఊరికెళ్లిన రోజున తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూసే వేళకు హెడ్‌లైటు వెలగదు. రాత్రి రెండు నుంచి ఐదు మధ్యే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి, ఆ మూడు గంటలు లైటూ మీటరూ రెండూ పనిచేసి తీరాలి. అందుకే అడాప్టర్ల గుత్తి తీసేసి, ఒకే బల్ల మీద అన్ని రకాల బ్యాటరీలకూ పనికొచ్చే ఛార్జింగ్ ఏర్పాటు చేసే పని మొదలైంది.

1వ రోజు. ముందు బ్యాటరీల లెక్క

ఛార్జర్ కోసం కొట్టుకు వెళ్లే ముందు ఉన్న బ్యాటరీలన్నీ నేల మీద పరిచి రాసుకోవాలి. ప్రతిదానికీ మూడు విషయాలు చాలు: ఏ రకం, ఎన్ని సెల్లు, ఎన్ని ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత పడుతుందన్న కొలత; 1000 ఎంఏహెచ్ అయితే 1 ఏహెచ్). ఈ షెడ్డులో తేలినవి: హెడ్‌లైట్లకూ టార్చీలకూ వాడే 18650 సైజు గుండ్రటి లిథియం సెల్లు 14. డీఓ మీటరు, పీహెచ్ మీటర్లలోకి ఏఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు 16. మందు కొట్టే బ్యాటరీ ట్యాంకీల్లో 12 వోల్టుల 8 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు 3. పాతరకం ఎమర్జెన్సీ లైట్లలో 4 వోల్టుల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలు 5. సోలార్ లైటులోంచి తీసిన 12.8 వోల్టుల 6 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ ప్యాక్ 1. డ్రిల్లు మిషను ప్యాక్ 1.

18650 సెల్లను బంగారం తూచే చిన్న కాటా మీద ఒక్కొక్కటే పెట్టి చూశాం. అసలైన సెల్ 44 నుంచి 50 గ్రాముల మధ్య ఉంటుంది. నాలుగు సెల్ల మీద 9800 ఎంఏహెచ్ అని ముద్రించి ఉంది, కాటా మీద 31, 33 గ్రాములు చూపాయి. ఈ సైజులో మామూలుగా దొరికే ఎక్కువ కెపాసిటీ 3500, 3600 చుట్టూ ఉంటుంది. అంతకు మరీ మించి రాసి ఉంటే చదవడం కూడా దండగ. ఆ నాలుగూ పక్కన పడేశాం.

మిగిలిన పదింటిలో ఒకటి మల్టీమీటరుకు 1.1 వోల్టు చూపింది. కొన్ని ఛార్జర్లు ఇలాంటి సెల్‌ను కూడా లేపుతాయి, కానీ లేపకూడదు. లిథియం అయాన్ సెల్ 2 వోల్టుల కింద రోజుల తరబడి ఉంటే లోపలి రాగి రేకు కరిగి, మళ్లీ ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ రాగి వేరేచోట పేరుకుంటుంది. దానితో లోపలే షార్టయ్యే ప్రమాదం ఉంది. అదీ తీసేశాం. మిగిలినవి తొమ్మిది.

2వ రోజు. ఏ ఛార్జర్?

"అన్నిటికీ ఒకటే" అని అట్టపెట్టె మీద రాసినవాటిని మొదటే వదిలేశాం. ఒంగోలు ట్రంకు రోడ్డు కొట్లలో చూపినవాటిలో చాలావరకు ఎర్రలైటు, పచ్చలైటు రకాలే. పచ్చలైటు వెలిగినంత మాత్రాన సెల్ నిండినట్టు కాదు, ఛార్జింగ్ ఆగినట్టూ కాదు.

ఛార్జర్‌లో చూడాల్సింది దేన్ని ఎలా ఆపుతుందన్నది. ఎక్కించడం ఏ అడాప్టరైనా చేస్తుంది, తేడా వచ్చేది ఆపే దగ్గరే. లిథియం అయాన్‌కు ముందు ఒకే కరెంటు ఇచ్చి, 4.20 వోల్టులు చేరాక వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి, కరెంటు సెల్ ఏహెచ్‌లో ఇరవయ్యో వంతుకో పదో వంతుకో తగ్గాక పూర్తిగా ఆపేయాలి. లిథియం ఫాస్ఫేట్‌కు సెల్‌కు 3.65 దాటకూడదు. నికెల్ సెల్లకు వోల్టేజీ హద్దే పనికిరాదు. నిండిన క్షణంలో వోల్టేజీ పైకి వెళ్లి మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు కిందికి జారుతుంది, ఆ జారుడును పట్టుకుని ఆపాలి. లెడ్ యాసిడ్‌కు సెల్‌కు 2.4 వోల్టుల దగ్గర పట్టి ఉంచాలి, అంటే 12 వోల్టుల బ్యాటరీకి 14.4. ఈ నాలుగు పద్ధతులూ చేతికి ఎంచుకునేలా ఉండి, కరెంటు ఎంతో మనమే పెట్టుకోగలిగితేనే అది పనికొచ్చే ఛార్జర్.

ఇంకో చిక్కు ఏఏ సెల్లది. చౌక ఛార్జర్లు రెండేసి సెల్లను వరసగా కలిపి ఎక్కిస్తాయి. జతలో ఒకటి సగం నిండి ఉంటే అది ముందే నిండి వేడెక్కుతుంది, రెండోది ఇంకా ఆకలితోనే ఉంటుంది. ప్రతి గడికీ విడిగా లెక్క ఉండాలి. తెర మీద నాలుగు సెల్లకు నాలుగు అంకెలు కనిపిస్తే ఆ లెక్క ఉన్నట్టే.

చివరికి ఒకటి కాదు, రెండు కొనాలని తేల్చాం. గుండ్రటి విడి సెల్లను నేరుగా పెట్టుకునే నాలుగు గడుల ఛార్జర్ ఒకటి: 18650, ఏఏ రెండూ పడతాయి, గడికి 300, 500, 700, 1000 మిల్లీఆంప్‌లలో ఏదైనా ఎంచుకోవచ్చు, కెపాసిటీ పరీక్ష చేస్తుంది. రెండోది రేడియో కంట్రోల్ బొమ్మ విమానాల వాళ్లు వాడే రకం ప్యాక్ ఛార్జర్, ఐమాక్స్ బీ6 పద్ధతిలోది: 50 వాట్లు, 5 ఆంప్ వరకు, లిథియం 1 నుంచి 6 సెల్లు, నికెల్ 15 సెల్ల వరకు, లెడ్ యాసిడ్ 2 నుంచి 20 వోల్టుల వరకు. బీ6కు నకళ్లు చాలా తిరుగుతున్నాయి కాబట్టి అసలుదాని మీద ఉండే హోలోగ్రామ్ స్టిక్కరు చూసి తీసుకోవాలి. ఒక్కదాంతోనే సర్దుకోవాలనుకునే వాళ్లకు మా సలహా: మీ దగ్గర విడి సెల్లు ఎక్కువైతే గడుల ఛార్జర్, 12 వోల్టుల బ్యాటరీలు ఎక్కువైతే ప్యాక్ ఛార్జర్. రెండు పనులూ ఒకే మిషను బాగా చేస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

రెంటికీ ఉమ్మడిగా కావాలనుకున్న గుణం ఒకటి: లోపలికి 12 వోల్టుల డీసీ తీసుకోవాలి. అప్పుడు ఒకే సప్లై చాలు, కరెంటు పోతే బండి బ్యాటరీ నుంచైనా నడుస్తుంది.

3వ రోజు. బల్ల, వైరింగు

బల్ల పైభాగానికి చీమకుర్తి క్వారీ వైపు నుంచి వచ్చిన గ్రానైటు ముక్క, రెండడుగులకు అడుగున్నర. చెక్క మీదా ప్లాస్టిక్ డబ్బా మీదా లిథియం ఛార్జింగ్ వద్దు. గ్రానైటు అంటుకోదు, పైగా వేడిని లాగేస్తుంది. గోడకు జానెడు దూరం, పైన వలలూ గోతాలూ ఏవీ లేకుండా.

సప్లై లెక్క: గడుల ఛార్జర్ నాలుగు సెల్లకు ఒక్కో ఆంప్ చొప్పున ఇస్తే దాదాపు 17 వాట్లు, నష్టం కలిపి 21. ప్యాక్ ఛార్జర్ 50 వాట్లకు నష్టం కలిపి 63 దాకా. రెండూ కలిసి 84 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 7 ఆంప్. ఎల్‌ఈడీ బోర్డులకు వాడే ఇనప డబ్బా ఎస్‌ఎంపీఎస్ (ఇంటి ఏసీ కరెంటును డీసీగా మార్చే సప్లై) 12 వోల్టులు 10 ఆంప్ తీసుకున్నాం. 5 ఆంప్‌దైతే రెండూ కలిసి నడిచినప్పుడు ఆగి ఆగి వెలుగుతుంది. చాలామంది ఛార్జర్ పాడైందనుకునేది ఇక్కడే.

ఎస్‌ఎంపీఎస్‌కు పక్కన 110/220 అని చిన్న స్విచ్చు ఉంటే, ప్లగ్గు పెట్టే ముందే అది 220 మీద ఉందో లేదో చూడాలి. 110 మీద ఉండగా మన కరెంటు ఇస్తే కళ్లెదుటే పేలుతుంది. ఎర్తు తీగ తప్పనిసరి, చెరువు దగ్గర నేల ఎప్పుడూ తడే. టెర్మినళ్లు బయటికి కనిపిస్తాయి కాబట్టి సన్నటి ప్లాస్టిక్ మెష్ కట్టాం, బల్లులు దూరి షార్టు చేస్తాయి. అవుట్‌పుట్ 12.2 వోల్టులకు తిప్పి పెట్టాం. ఏసీ వైపు 6 ఆంప్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే పడిపోయే స్విచ్చు).

ప్యాక్ ఛార్జర్ నుంచి బ్యాటరీకి వెళ్లే తీగ 1.5 స్క్వేర్ ఎంఎం రాగి, పొడవు మీటరు, ఎర్ర తీగ మీద 5 ఆంప్ బ్లేడ్ ఫ్యూజు, చివర క్రోకడైల్ క్లిప్పులు. తీగ మందానికి ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ ఛార్జర్ వోల్టేజీని తన టెర్మినల్ దగ్గరే కొలుచుకుంటుంది. 1.5 తీగలో మీటరు పోనూ రానూ కలిపి 3 ఆంప్‌కు 0.07 వోల్టు పోతుంది, ఫరవాలేదు. కాలింగ్‌బెల్లు తీగతో కడితే అదే అర వోల్టు దాటుతుంది. అప్పుడు బ్యాటరీ 13.9 దగ్గర ఉండగానే ఛార్జర్ 14.4 చేరిందనుకుని కరెంటు తగ్గించేస్తుంది, గంటలు సాగుతుంది.

కలిపే వరస: పిన్నులు ముందు ఛార్జర్‌లోకి, క్లిప్పులు తర్వాత బ్యాటరీకి. తీసేటప్పుడు క్లిప్పులు ముందు. వరస తిప్పితే బ్యాటరీకి తగిలించిన తీగల రెండో కొసలో బయటికి ఉన్న ఇత్తడి పిన్నులు ఒకదానికొకటి తాకి నిప్పులు రాలతాయి.

4వ రోజు. లిథియం

తొమ్మిది సెల్లకు 1000 మిల్లీఆంప్ పెట్టాం, పాతవాటికి 500. 2600 ఎంఏహెచ్ సెల్ 1 ఆంప్‌తో మూడు నుంచి మూడున్నర గంటలు తీసుకుంటుంది. చివరి గంటలో కరెంటు తగ్గుతూ పోతుంది, అది లోపం కాదు.

కొత్త ఛార్జర్‌ను నమ్మే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఛార్జింగ్ ఆగాక సెల్ తీసి పావుగంట ఆగి మల్టీమీటరుతో చూడాలి. మొదటి గడి 4.19, రెండు 4.18, మూడు 4.19. నాలుగోది 4.27. సెల్ తప్పేమోనని అదే సెల్‌ను కాస్త వాడి మొదటి గడిలో వేస్తే 4.19కే ఆగింది, వేరే సెల్ నాలుగులో పెడితే మళ్లీ 4.27. గడిదే తప్పు. 4.25 దాటితే సెల్ ఆయుష్షు పోతుంది, భద్రతా పోతుంది. ఛార్జర్‌ను తిరిగిచ్చి మార్చుకున్నాం. రెండోదాంట్లో నాలుగు గడులూ 4.18, 4.20 మధ్య ఆగాయి. మల్టీమీటరులో బ్యాటరీ దిగిపోయి ఉంటే అది కూడా ఎక్కువ చూపిస్తుంది, ముందు దాని సెల్ మార్చి అప్పుడు కొలవాలి.

5వ, 6వ రోజు. ఏఏ సెల్లు

ఇక్కడ దెబ్బతిన్నది నెమ్మదిగా ఎక్కిస్తే మంచిదన్న లెక్క. 2000 ఎంఏహెచ్ సెల్లు నాలుగు 300 మిల్లీఆంప్ మీద రాత్రంతా వదిలితే, పొద్దున తెర మీద 3400 ఎంఏహెచ్, సెల్లు పట్టుకోలేనంత వేడి. నిండాక కూడా కరెంటు పోతూనే ఉంది. కారణం: నికెల్ సెల్ నిండినప్పుడు వోల్టేజీ జారుడు స్పష్టంగా కనిపించాలంటే కరెంటు ఏహెచ్ అంకెలో సగం నుంచి పూర్తి అంకె వరకు ఉండాలి, అంటే 2000 ఎంఏహెచ్‌కు 1000 నుంచి 2000 మిల్లీఆంప్. 300 అంటే ఆరో వంతు కూడా లేదు, జారుడు ఛార్జర్ కంటికి ఆనదు. లిథియంలో నెమ్మది మేలు చేస్తుంది, ఇలా ఆపే నికెల్‌లో అదే చెరుపు.

మర్నాడు 1000 మిల్లీఆంప్ పెట్టాం. రెండు గంటల పది నిమిషాలకు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి, 2060 నుంచి 2180 ఎంఏహెచ్ ఎక్కినట్టు చూపాయి. చివరి పది నిమిషాల్లో గోరువెచ్చ కావడం మామూలే.

రెండో కారణం షెడ్డు. రేకుల కప్పు కింద మధ్యాహ్నం 41 డిగ్రీలు. 40 దాటితే నికెల్ సెల్ సరిగ్గా ఎక్కదు, జారుడు ఇంకా మెత్తబడుతుంది. లిథియంకైతే 45 డిగ్రీలు దాటాక ఛార్జింగే పెట్టకూడదు. అందుకని ఛార్జింగ్ వేళ రాత్రి పది తర్వాతకు మార్చాం. ఎలాగూ చెరువు దగ్గర ఆ వేళ ఒక మనిషి మేలుకునే ఉంటాడు, బల్ల మీద కన్నూ ఉంటుంది. రోహిణి కార్తెలో పగలు ఛార్జింగ్ బంద్.

కెపాసిటీ పరీక్షలో పదహారింటిలో ఐదు 1100 కిందే ఆగాయి. అవి గోడ గడియారానికి పోయాయి. డీఓ మీటరులోకి ఒకే వరస కెపాసిటీ ఉన్న సెల్లే జతగా వెళ్లాలి కాబట్టి మిగిలినవాటి మీద మార్కర్‌తో ఎ, బి, సి అని జట్టు అక్షరం రాశాం. నెలల తరబడి మీటరులో కూర్చునే సెల్లకు సెల్ఫ్ డిశ్చార్జి (వాడకపోయినా దానంతట అదే దిగిపోవడం) తక్కువ ఉండే ఎనెలూప్ రకం తీసుకోవడం మేలు. ఎంఏహెచ్ 1900, 2000 అని తక్కువగా కనిపించినా, వాడే రోజున ఛార్జింగ్ మిగిలి ఉండేది వాటిలోనే.

8వ రోజు. ట్యాంకీ బ్యాటరీలు

ప్యాక్ ఛార్జర్‌లో లెడ్ యాసిడ్ మోడ్, 12 వోల్టులు, 6 సెల్లు, 1.5 ఆంప్. రెండు గంటలకే ఆగిపోయింది, 3 ఏహెచ్ మాత్రమే ఎక్కింది. బ్యాటరీ పోయిందనుకోవడం తప్పు. ఈ రకం ఛార్జర్లలో భద్రత కోసం టైమరు 120 నిమిషాలకూ, కెపాసిటీ హద్దు 5000 ఎంఏహెచ్‌కూ పెట్టి వస్తుంది. బొమ్మ విమానాలకు అది సరిపోతుంది. 8 ఏహెచ్ బ్యాటరీకి సెట్టింగుల్లోకి వెళ్లి టైమరు 720, కెపాసిటీ 10000 చేశాం. హద్దు పూర్తిగా తీసేయడం మాత్రం వద్దు. ఆ తర్వాత ఎనిమిదిన్నర గంటలకు మొదటి బ్యాటరీ నిండింది. ఒక రాత్రి ఆగాక 12.8 వోల్టులు, అది బాగున్నట్టు.

రెండోది ఛార్జింగ్ పెట్టిన రెండు నిమిషాల్లోనే 14.4కు ఎగిరింది, కరెంటు 0.1 ఆంప్‌కు పడిపోయింది. మిర్చి మందులు అయిపోయాక ఆరు నెలలు ఖాళీగా మూలన పెట్టిన బ్యాటరీ అది. లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడితే ఇలాగే ఉంటుంది. 0.4 ఆంప్ మీద ఒక రోజంతా ఉంచితే కాస్త తిరిగొచ్చింది, కానీ ట్యాంకీలో పెట్టి నొక్కితే పది నిమిషాలకే మోటారు నీరసించింది.

మూడోది నిండా ఎక్కించినా 10.6 దగ్గరే నిలిచింది. 12.7 నుంచి ఒక సెల్ వోల్టేజీ, 2.1, తీసేస్తే సరిగ్గా అదే. ఆరు సెల్లలో ఒకటి షార్టు. దాన్ని ఇంకా ఛార్జింగ్‌లో ఉంచితే మిగిలిన ఐదు ఉడికిపోతాయి. రెండూ పాత సీసం లెక్కలో బ్యాటరీ కొట్టుకు ఇచ్చేయడమే, చెరువు గట్టున పారేయకూడదు.

ఎమర్జెన్సీ లైట్ల 4 వోల్టుల బ్యాటరీకి 2 సెల్లు అని మార్చాలి. ముందు వాడిన 6 సెల్లు అలాగే ఉండిపోతే ఛార్జర్ 14.4 కోసం తోస్తూ పోతుంది, ఆ చిన్న డబ్బా గ్యాసుతో ఉబ్బిపోతుంది. కరెంటు కూడా 1 ఏహెచ్‌దానికి 0.1, 0.2 ఆంప్ చాలు. ఈ ఛార్జర్ నిండగానే పూర్తిగా ఆపేస్తుంది, నిలకడగా కొద్ది కరెంటు ఇస్తూ కూర్చోదు. కాబట్టి ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండాల్సిన ఎమర్జెన్సీ లైటుకు దాని సొంత ఛార్జరే ఉండనిచ్చాం. 14.4 అన్న హద్దు 25 డిగ్రీల లెక్కది. 40 డిగ్రీల్లో దాన్ని మూడు పాయింట్లు, అంటే 14.1 దాకా తగ్గించాలి. ఈ ఛార్జర్ ఆ పని తనంతట చేయదు, లెడ్ యాసిడ్‌నూ రాత్రికే నెట్టడానికి అదొక కారణం.

9వ రోజు

సోలార్ ప్యాక్. మెనూలో లిఫె (లిథియం ఫాస్ఫేట్) అని ఉన్నదే ఎంచాలి, 4 సెల్లు, 2 ఆంప్. లిపో (లిథియం పాలిమర్) మీద పెడితే సెల్‌కు 4.2 కోసం వెళ్తుంది, లోపలి రక్షణ బోర్డు అడ్డుపడకపోతే ప్యాక్ పోయినట్టే. బ్యాలెన్స్ తీగ (ప్రతి సెల్ వోల్టేజీనీ విడిగా చూసి సమం చేసే తీగ) బయటికి లేదు కాబట్టి మామూలు ఛార్జింగే, బోర్డు గుండానే. డ్రిల్లు ప్యాక్‌ను ఈ బల్ల నుంచి తప్పించాం. దాని టెర్మినళ్లలో ఏది బోర్డు దాటి వెళ్తుందో బయటికి తెలియదు, దాని ఛార్జర్ దానికే.

12వ రోజు. కరెంటు పోతే

ట్రాక్టరు బ్యాటరీ నుంచి నడిపి చూశాం. నాలుగు ఏఏ నింపడానికి బ్యాటరీ నుంచి ఒకటిన్నర ఏహెచ్ పోతుంది, నాలుగు 18650కి నాలుగు. ట్యాంకీ బ్యాటరీ ఒక్కదానికే పది పదకొండు. ప్యాక్ ఛార్జర్ తన ఇన్‌పుట్ 11 వోల్టులకు పడేదాకా లాగుతూనే ఉంటుంది, అప్పటికి ట్రాక్టరు స్టార్టు కాదు. అందుకని బండి బ్యాటరీ మీద ఏఏ, 18650 మాత్రమే, ఒక్క వాయి. బ్యాటరీ 12.2 చూపితే ఆపేయాలి.

20వ రోజు. ఉప్పుగాలి

రెండో గడి సెల్ లోపలి రెసిస్టెన్సు 140 మిల్లీఓమ్ చూపడం మొదలైంది, అదే సెల్ మూడో గడిలో 58. తప్పు సెల్‌ది కాదు, స్ప్రింగుది. భూతద్దంలో చూస్తే జారే రేకు అంచున పచ్చగా పొడి. ప్లగ్గు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో రేకూ, సెల్ రెండు కొసలూ తుడిచి ఆరనిచ్చాక 62. ఉప్పు కాగితంతో రుద్దకూడదు, పైనున్న నికెల్ పూత పోతే నెలకే తుప్పు. వాడని వేళల్లో ఛార్జర్ల మీద బోర్లించడానికి మూతపడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. ఛార్జింగ్ నడుస్తుండగా మాత్రం డబ్బా తీసే ఉండాలి.

పంట పట్టేశాక చెరువు ఎండబెట్టే రోజులకు గోడకు ఒక కాగితం అంటించాం: 18650లు 3.7, 3.8 వోల్టుల దగ్గర ఆపి చల్లటి చోట. ట్యాంకీ బ్యాటరీ నిండా ఎక్కించి, నెలన్నరకోసారి మళ్లీ. ఏఏ సెల్లు మీటర్లలోంచి బయటికి. కొత్త ట్యాంకీ బ్యాటరీలు రెండూ వచ్చాయి, తయారీ నెల అట్ట మీద చూసి తీసుకున్నవే. వాటికి మొదటి ఛార్జింగ్ ఈ రాత్రి పదికి, 1.5 ఆంప్ మీద, ఒకదాని తర్వాత ఒకటి.